లక్ష్మీనర్సమ్మ కాలు ఆగని ముచ్చట

“అబద్ధమాడే చేతిల నాడె నిలువదంటరు. పెండ్లయి ఈ ఇంటికొచ్చిన నాటి సంది నా చేతిల నాడె ఆడుతనే ఉన్నది, ఒక్కనాడు కింద పడలే. ఇగ నమ్ముతరో నమ్మరో మీ ఇష్టం,” అన్నది లక్ష్మీనర్సమ్మ పెద్దమ్మ, అరుగు మీద కాళ్ళు చాపుకొని కూసోని, కుడికాలు కనబడకుంట చీర కుచ్చిళ్ళు జర కిందికి గుంజుకుంట.

ఇది తెలంగాణ రాకముందటి ముచ్చట. ఆ కాలి చీలమండ ఉగాది ముంగట ఇరిగింది. పిండికట్టు మొన్ననే ఇప్పిండ్రు. లోపటింట్ల గుంట మగ్గం మీద సావుకారి పడుగు, కాలు ఇరిగిననాడు ఎట్లున్నదో అట్లనే ఉన్నది, దుమ్ము పడకుంట మీద పాత దుప్పటి కప్పి. నారాయణపేటల పెండ్లిళ్ళ దినాలు, నేసిన చీర నేసినట్టే పోతాంది. సావుకారు మాత్రం ఎన్ని దినాలు ఓపిక పడతడు? పొద్దున్నే కబురు పంపిండు: నర్సమ్మ ఇయ్యాల గుంటల దిగి తొక్కితే మంచిదే, తొక్కకుంటే పడుగు కోసి తెచ్చి ఐలేశం మగ్గానికి ఎక్కియ్యాలె. రేపు అమావాస్య, పేటల ఒక్క మగ్గం ఆడది. అంటే ఏమైనా ఇయ్యాలనే.

మగ్గం మీది పడుగును నడిమిట్ల కోసుడంటే మా నేతోళ్ళ ఇండ్లల్ల సావు జరిగినంత పని. గందుకే ఐలేశం చిన్నాయన అదే పని మీద వచ్చి కూడ ఆ మాట ఎత్తలేక, సంచి సంకల పెట్టుకొని అరుగు కొసకు కూసున్నడు. సంచిల నుంచి కత్తెర పిడి బయటికి కనబడుతనే ఉన్నది. పక్కింటి గులాబ్‌బీ రాట్నం ముంగటేసుకొని కండెలకు నూలు చుడుతాంది. ఆ కండెను నాడెల పెట్టి, పడుగు నడుమ అటు ఇటు ఇసిరితేనే పెద్దమ్మ నేత సాగేది. నేత ఆగినా గులాబ్‌బీ చెయ్యి ఆగలే, కండెలు బుట్ట నిండినయ్. కొత్త కోడలు యాదలక్ష్మి గడపల నిలబడ్డది. ఆమె మొగడు సోలాపూరు మిల్లుకు పోయిండు. ఆమెకు సాదా నేత వస్తది గని అంచు ఇంక పట్టుబడలే. నేను డిగ్రీ పరీక్షలు రాసి పాలమూరు హాస్టల్ నుంచి ముందురోజే ఇల్లు చేరిన. అరుగు మీద నవ్వులు ఇనబడితే పోయి నడుమ కూసున్న.

“చాయ్ తాగు మరిదీ,” అన్నది పెద్దమ్మ. “పడుగు యాడికీ ఉరికిపోదు. నా కాలు ఎట్ల ఇరిగిందో నువ్వు ఇన్నవా అసలు?”

“ఇన్న వదినే. గుంటల నుంచి లేస్తుంటే మడతపడ్డదంట గదా.”

“అది బజార్ల చెప్పుకునేది. ఊరంతా అదే పట్టుకొని తిరుగుతాంది. అసలు ముచ్చట నన్నడుగు. పొద్దుగూకుతాంది, కొంగు నేస్తున్న, ఇంక జానెడు ఉన్నది. చెక్క మీద కాలు పెట్టి తొక్కిన, కాలు జారి రెండు చెక్కల నడుమ పడ్డది, టక్కుమన్నది. నేనేమనుకున్న? పోగు తెగిందనుకున్న. పడుగు మొత్తం ఈ అంచు నుంచి ఆ అంచు దాక ఏలు పెట్టి దేవులాడిన, ఒక్క పోగు తెగలే. అయితే ఆ సప్పుడు యాడిదబ్బా అని కిందికి చూస్తే, నా పాదం పక్కింటి దిక్కు తిరిగి గులాబ్‌బీ వాళ్ళ గోడను చూస్తాంది. అటెంక నేనేం చేసిన్నో ఎరికేనా? పోగు తెగితే ఏం చేస్తం, ముడేసి నేస్తం. అంతే. తలకు కట్టుకున్న గుడ్డ ఇప్పి, కాలును తిప్పి ముడేసిన, మిగిలిన జానెడు కొంగు నేసిన, చీర దించి మడత పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, అప్పుడు లేచిన.”

“ఇరిగిన కాలుతోని?” అన్న నేను.

“మరి ఎవరి కాలుతోనే, నీ కాలుతోనా?”

“మొత్తుకున్నవా అక్కా?” గులాబ్‌బీ తలకాయ ఎత్తకుంటనే అడిగింది.

“ఒక్క సప్పుడు చేస్తే ఒట్టు.”

“అయితే ఆ పొద్దు మా మేకలు తాళ్ళెందుకు తెంపుకున్నయో మరి,” అన్నది గులాబ్‌బీ నిమ్మళంగ, రాట్నం తిప్పుకుంటనే.

“మేకలకు తిక్క. వాటిని అడ్డం పెట్టుకొని నా ముచ్చట చెడగొట్టకు. ఇగ ఇను మరిదీ. తెల్లారి పాలమూరు బస్సెక్కినం. గులాబ్‌బీ నా ఎంబడే ఉన్నది, కావాల్నంటే అడుగు. బస్సు నిండ జనం, కాలు పెట్ట జాగా లేదు, నాకా కాలు పెట్టనీకే లేదాయె. మరికల్ దాటినమో లేదో, డ్రైవరు కాలికి నరం పట్టింది. అమ్మో అయ్యో అని వంకర్లు తిరుగుతుండు, బస్సేమో తన ఇష్టం వచ్చినట్టు పోతాంది, జనమంత దేవుండ్లను పిలుస్తున్నరు. నేను లేచిన. ఒంటికాలు మీద దుంకుకుంట ముంగటికి పోయిన. పోయి కింద చూస్తే ఏమున్నది? చెక్కలు. మన మగ్గానికి ఉన్నట్టే తొక్కుడు చెక్కలు. కాకపోతే మనకు రెండు, ఆయనకు మూడు. ఈ మూడోది ఎందుకు నాయినా అని అడిగిన. బ్రేకమ్మా, ఆపనీకి, అన్నడు. ఆపేదుంటే గద మనకు చెక్క ఉండనీకి, అందుకే మగ్గానికి అది పెట్టలే అని అప్పుడు సమజైంది నాకు. జరుగు అన్న. కూసున్న. చేతుల గుండ్రంగ ఒకటుంటది సూడు, దాన్ని రాట్నం అనుకున్న, తిప్పిన.”

ఐలేశం చిన్నాయనకు చాయ్ మింగబోతే పొలమారింది. “ఏ కాలుతోని తొక్కినవ్ వదినే?”

“ఇరిగినదానితోనే. మంచి కాలు పెడితే అదీ ఇరిగితే ఎట్ల? ఇరిగింది మల్ల ఇరగది గద. తెలివి ఉండాలె మరిదీ. అట్ల తొక్కుకుంట పోతుంటే దేవరకద్ర కాడ గేటు పడ్డది. రైలొస్తాంది. నాకేమో ఆపే చెక్క ఏదో యాది లేకపాయె. గేటు మనిషి చేతులు ఊపుతుండు, రైలు కూతేస్తాంది, నేను తొక్కుతున్న. అటెంక ఏమైందో చెప్పుండ్రి.”

“ఏమైంది?” అన్నది యాదలక్ష్మి గడపల నుంచి, పైట నోటికి అడ్డం పెట్టుకొని.

“రైలే ఆగింది. ఇంజను నడిపేటాయన తల బయట పెట్టి, అమ్మా, నీకు పెద్ద పనున్నట్టుంది, నువ్వు పో ముందు, అన్నడు. మర్యాదస్తుడు. రైలుల ఉన్న జనమంత దిగి నాకు దండం పెట్టిండ్రు.”

“లైసెన్సు ఎవరు అడగలేదా పెద్దమ్మా?” అన్న.

“ఎందుకడగలే? పాలమూరుల అడుగు పెట్టంగనే ఒక పోలీసాయన అడిగిండు. అరచేతుల కాయలు చూపిచ్చిన. సలాం కొట్టి పక్కకు జరిగిండు. ఏం గులాబ్‌బీ, కాదను చూద్దాం?”

“నేను కిటికీ దిక్కు కూసున్న అక్కా. తొవ్వల సీతాఫలం చెట్లు చూస్తున్న,” అన్నది గులాబ్‌బీ.

యాదలక్ష్మి నవ్వు ఆపుకొని, “అత్తమ్మా, పొద్దెక్కుతాంది. ఎండ ఆ గోడ దాటితే లోపట ఎలుగు తగ్గుతది,” అన్నది. దుప్పటి తీయాల్నా అని అడగలే గని, అడిగినట్టే ఉన్నది.

“ఊకుండవే. తాతకు దగ్గులు నేర్పుతున్నవా. దవాఖాన ముచ్చట రాకముందే గుంటల దిగుమంటవా?” అని పెద్దమ్మ కుచ్చిళ్ళు మల్ల సర్దుకున్నది. ఐలేశం చిన్నాయన సంచిని సంకల నుంచి తీసి ఒడిల పెట్టుకున్నడు. ఆమె అది చూసింది. చూసి, గొంతు ఇంకో మెట్టు పెంచింది.

“ఏ దవాఖాననో పేరు చెప్ప. చెప్తే వాళ్ళకు షరం. పోంగనే నన్ను చీకటి అర్రల పండుకోబెట్టి కాలికి ఫొటో తీసిండ్రు. ఫొటో అంటే మొకానికి తీస్తే నాలుగు దినాలు అయితది గని కాలిది అప్పటికప్పుడే వచ్చింది. డాక్టరు దాన్ని ఎలుగుకు పట్టి చూసిండు. చూస్తనే ఉన్నడు. ఏం సారూ, ఏముంది అన్న. అమ్మా, ఎముక కానొస్తలేదు, గోపురం అంచు కానొస్తాంది, అన్నడు. ఉంటది మరి. పుట్టినకాడ్నుంచి అదే నేసినంక బొక్కల దిగకుంట యాడికి పోతది? నర్సులందరు ఉరికొచ్చి చూసిండ్రు. ఒకామె అయితే ఇసొంటి అంచు నాకొకటి కావాల్నని ఆడ్నే అడిగింది.

“అది గాదు గని, అసలు పంచాతు కట్టు కాడ మొదలైంది. డాక్టరు నా పాదాన్ని గిట్ల పట్టి నిలబెట్టిండు, నిట్టనిలువుగ, పరేడుల పోలీసోడు నిలబడ్డట్టు. పిండి కలుపుతుండ్రు, గుడ్డలు నానబెడుతుండ్రు. ఆగు సారూ అన్న. ఏందమ్మా నొస్తాందా అన్నడు. నొప్పి మాట తర్వాత, నాదొక సవాలున్నది, దానికి జవాబు చెప్పి అప్పుడు కట్టు, అన్న.”

ఇక్కడ పెద్దమ్మ అరుగు మీది నుంచి ముంగటికి ఒంగింది. ఏలు లేచింది. ఎదురుంగ మేం కూసోలే, డాక్టరే కూసున్నడు.

“నువ్వు కాలు ఇరిగినోళ్ళందరికి ఒక్క తీరుగనే కడుతవా? కుర్చీల కూసునేటోని కాలు, మంద ఎంబడి మక్తల్ దాక నడిచేటోని కాలు, గుంటల కూసోని పొద్దుందాక తొక్కేటామె కాలు, మూడూ ఒక్కటేనా నీకు? వచ్చినకాడ్నుంచి చూస్తున్న. పేరడిగినవ్. ఊరడిగినవ్. మొగడున్నడా సచ్చిండా అని గూడ అడిగినవ్. వాంతులైనయా అని అడిగినవ్, వాంతికి చీలమండకు ఏం సంబంధమో నాకు సమజ్ గాలే, అయినా చెప్పిన. గని ఈ కాలుతోని నువ్వు ఏం పనిచేస్తవమ్మా అని ఒక్కడన్న అడిగిండా? బండి రిపేరుకు ఇస్తే మెకానిక్ అడుగుతడు, బాడిగ కొట్టేదా ఇంటి వాడకమా అని. ఎద్దుకు లాడం కొట్టేటోడు అడుగుతడు, దున్నేదా బండి గుంజేదా అని. నాది కాలు సారూ. దీని మీద ఇల్లు నడుస్తది.”

అరుగు మీద ఎవ్వరూ నవ్వలే. రాట్నం తిరిగే సప్పుడొక్కటే. ఐలేశం చిన్నాయన తన కాళ్ళ దిక్కు చూసుకున్నడు. ఆయన కూడ గుంటల కూసునే మనిషే.

“బరాబర్ అడిగినవ్ వదినే,” అన్నడు.

“అడగకుంట ఇడుస్తనా? నా పాదాన్ని కిందికి వంచి కట్టు, చెక్క మీద ఎట్ల ఉంటదో అట్ల ఉండాలె, అన్న.”

“అట్ల కడితే నడుస్తవెట్ల పెద్దమ్మా?” అన్న నేను. “వేళ్ళ మీద కుంటుకుంట తిరుగుతవా?”

“నడక ఎవలికి గావాలె? నీళ్ళు కోడలు తెస్తది, కండెలు గులాబ్‌బీ తెస్తది, సావుకారు మనిషి వచ్చి చీర తీస్కపోతడు. డాక్టరు కూడ నీ లెక్కనే మాట్లాడిండు, అందుకే ఓడిపోయిండు. నోటి మాట రాక పెద్ద డాక్టరును పిలిచిండు. పెద్ద డాక్టరు ఇంకా పెద్ద డాక్టరును పిలిచిండు. అందరు వచ్చి నా మంచం సుట్టు నిలబడ్డరు, తెల్ల కోట్లు, నాకు జాతరల నిలబడ్డట్టే ఉన్నది. సారూ, మాటలతోని సమజ్ గాదు, ఆకిట్ల గుంట తవ్వుండ్రి అన్న. తవ్విండ్రు. ఒక్కొక్క డాక్టరును దింపిన. తొక్కు అన్న. మెడల ఆ గొట్టాలు ఏలాడుకుంట తొక్కిండ్రు. మంచాల మీది రోగులందరు లేచొచ్చి చూసిండ్రు. నాలుగు నెలల సంది లెవ్వని ముసలాయన లేచి నేనొక దస్తి నేస్త అన్నడు. అటెంక ఎరికేనా? ఢిల్లీకి ఫోన్ కొట్టిండ్రు. ఆడ దేశమంతటికి పెద్ద బొక్కల డాక్టరుంటడంట. ఆయన నా సవాలు ఇని ఫోన్ల ఏడ్సిండు. అయ్యో ఇన్నేండ్ల సంది ఎన్ని కాళ్ళు తప్పు కట్టిన్నో అని. ఊకో నాయినా, తెల్వక చేసినవ్ అని నేనే సముదాయించిన.”

“అయితే నీ కాలును కిందికి వంచే కట్టిండ్రా?” అన్న.

పెద్దమ్మ చెయ్యి దానంతట అదే కుచ్చిళ్ళ మీదికి పోయింది.

“నేనే వద్దన్న,” అన్నది. “అంతమంది పెద్ద పెద్ద సార్లు చేతులు పట్టుకొని బతిమిలాడిండ్రు, అమ్మా, ఈ ఒక్కసారికి మా తీరే కట్టనియ్యి, మా ఇజ్జత్ కాపాడు అని. పోనీ పాపం అని నిలబెట్టే కట్టనిచ్చిన. సదువుకున్నోళ్ళ మాట ఊకనే తీసెయ్యొద్దు.”

ఐలేశం చిన్నాయన గడ్డం గోక్కున్నడు.

“వదినే,” అన్నడు చిన్నాయన. “సావుకారు మధ్యాహ్నం వరకు...”

“చెప్తున్న గద మరిదీ. పిండికట్టు ముచ్చట ఇనకుంట పోతవా? అసలైంది అదే.” ఆమె ఆయన మాటను సగంలనే పట్టుకున్నది. “కట్టు ఎండినంక ఇంటికొచ్చిన. ఆ కట్టు ఎంత గట్టిదంటే, గడప తగిలితే గడప పగిలింది. పగలలేదా యాదలక్ష్మీ?”

“బీట పడ్డది,” అన్నది యాదలక్ష్మి. ఆ బీట మా నాయిన పెండ్లినాటిదని పేటల అందరికెరుకే.

“ఇన్నరా. అందరు మంచంల ఉండు అన్నరు. ఒక పూట ఉన్న. తెల్లారి ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు నిమ్మళంగ గుంటల దిగిన. పిండికట్టు కాలు చెక్క మీద పెట్టిన. ఒక్కసారి తొక్కితే మగ్గం, ఇల్లు, ఈదిల ఉన్న పాల డబ్బాలు అన్నీ ఒక్కసారి అదిరినయ్. ఆ బరువుకు పేక ఎట్ల బిగిసిందంటే, నేసిన చీరల నీళ్ళు పోస్తే ఒక్క సుక్క కిందికి దిగలే. గులాబ్‌బీ బిందె ఓటిదైతే ఆ చీరల నీళ్ళు మోసుకపోయింది. సరే అని ఆపుదామనుకున్న. కాలు ఆగలే.”

“ఆగలేదా?” అన్న నేను.

“ఆగలే. నా కాలే నా మాట ఇంటలేదు. తొక్కుతాంది. చేతులు నాడె ఇసురుతున్నయ్. తిననీకి ఆగలే, పండనీకి ఆగలే, నేను కండ్లు మూస్తే కాలు నేస్తాంది. చీర గుంట నిండింది, ఇల్లు నిండింది, తలుపుల నుంచి బజార్లకు ఎల్లింది. చౌరస్తా దాటింది. మంచి రంగు గద, దుకాణమోళ్ళు అడ్డం రాలే, పాపం అట్లనే పోనిచ్చిండ్రు. మక్తల్ చేరింది. ఆడ సంత నడుస్తాంది, జొన్నలమ్మేటోళ్ళు దాని మీద కుప్పలు పోసుకున్నరు, కిందికి గోనె పట్టాలు అక్కెర లేకపాయె. ఇంక తొక్కుతాంది. కృష్ణ గట్టుకు పోయింది. వంతెన ఎక్కింది. వంతెన అవుతల కర్ణాటక. ఆడ చెక్‌పోస్టోళ్ళు పట్టిండ్రు.”

“ఏమని పట్టిండ్రు?” ఐలేశం చిన్నాయన మొకం అప్పటికే ఇప్పారింది. కత్తెర సంగతి మరిచినట్టే ఉన్నడు.

“ఈ చీర ఒక కొస ఆంధ్రప్రదేశ్‌ల ఉన్నది, ఒక కొస మా దిక్కు ఉన్నది, పన్ను ఎవరు కడతరు అని. కన్నడంల అడిగిండ్రు. నేను ఈడ్నుంచే తెలుగుల జవాబు చెప్పిన. నాయినా, ఇంక కొంగు నేయలే, నేయని చీరకు పన్నేంది, చీర అయినంక రాండ్రి అన్న. చట్టం తెలిసినోళ్ళు, ఒప్పుకున్నరు. అగొ, అప్పుడే కింద కృష్ణమ్మ చూసింది. ఎండకాలం, ఏట్ల నీళ్ళు లేక రాళ్ళు తేలి ఉన్నది తల్లి, సిగ్గుతోని ముడుసుకున్నది. ఆ చీర అందుకొని కట్టుకున్నది. గా చీర ఇప్పుడు ఆమె ఒంటి మీదనే ఉన్నది. పోయి చూసుకోండ్రి.”

“మరి మగ్గం మీద దుప్పటి కింద ఉన్నదేంది పెద్దమ్మా? అంత నేసినంక పడుగు మిగులుతదా?” నాకు ఆగబుద్ధి కాలే.

“అది వేరే పడుగు.”

“సావుకారు ఇచ్చింది ఒక్కటే గద.”

“కాలేజీల ఇదేనా నేర్పేది నీకు, పెద్దోళ్ళను ఇట్ల బోన్ల నిలబెట్టి అడుగుడు? కాలు ఆగలేదంటే ఆగలే. సావుకారు స్వయంగ వచ్చి కాళ్ళు పట్టుకున్నడు. నలుగురు పట్టినా ఆగలే. ఎద్దును కట్టి గుంజిపిచ్చిండ్రు. ఎద్దు గుంటల పడ్డది. ఎద్దు కూడ తొక్కవట్టింది...”

రాట్నం ఆగింది.

పొద్దటి సంది మొదటిసారి ఆగింది. గులాబ్‌బీ దారం తెంపి, కండె బుట్టల ఏసి, ఒడి దులుపుకున్నది.

“అక్కా,” అన్నది. “బస్సుల నువ్వు ఎనక సీటు మీద పండుకున్నవ్. నీ తలకాయ నా ఒడిల ఉన్నది. నేను సీతాఫలం చెట్లు చూడలే, నీ మొకమే చూస్తున్న.”

పెద్దమ్మ కుచ్చిళ్ళు గట్టిగ పట్టుకున్నది.

“దవాఖానల డాక్టరును నువ్వు ఒక్క మాట అడగలే. నేను అడుగుత అంటే నా చెయ్యి గిచ్చినవ్, వద్దు, సార్లకు కోపమొస్తదేమో అని. ఆయన కాలు నిలబెట్టి కట్టిండు. కట్టుతుంటే చూసుకుంట ఉన్నవ్. పాలమూరుల బస్సెక్కినకాడ్నుంచి పేటల దిగేదాక నన్ను ఒక్కటే అడిగినవ్. గులాబ్‌బీ, కాలు గిట్ల నిలబెట్టిండ్రు గద, ఇది మల్ల చెక్క మీదికి వంగుతదా అని. మరికల్ కాడ అడిగినవ్. పేట బస్టాండ్ల అడిగినవ్. కట్టు ఇప్పిననాడు మల్ల పోతిమి, ఆనాడు గూడ డాక్టరును అడగక నన్నే అడిగినవ్.”

“నువ్వేం చెప్పినవ్?” అన్నది పెద్దమ్మ. అది కోతల గొంతు కాదు. ఆ గొంతు మేమెవ్వరం అంతకు ముందు ఇనలే.

“నాకేమెరిక. నేను కండెలు చుట్టేదాన్ని. ఆ సవాలుకు జవాబు డాక్టరు కాడ లేదు, నా కాడ లేదు. గుంటల ఉన్నది. దిగి చూసుకో.”

పెద్దమ్మ కుచ్చిళ్ళు పక్కకు జరిపింది. కాలు మేమందరం అప్పుడే చూసినం. సన్నగ అయింది, పిక్క కరిగిపోయింది, కట్టు ఉన్నంత మేర తోలు తెల్లగ పొట్టు లేచి, చీలమండ కాడ ఇంక వాపున్నది. ఆమె దాన్ని ఎవరిదో చూస్తున్నట్టు చూసింది. కోపమైతే నాకే వచ్చింది. అంత మంచి ప్రశ్న, అరుగు మీద మాకు అప్పజెప్పినంత సాఫుగ, అడగాల్సినచోట ఎందుకు నోట్లనే ఉండిపోయింది అని. గని అది తర్వాత ముచ్చట.

“వంగకపోతే?” అన్నది పెద్దమ్మ.

“వంగకపోతే సూద్దాం వదినే,” అన్నడు ఐలేశం చిన్నాయన. “నేనైతే కత్తెర తేలేదు. ఇంట్లనే మరిచొచ్చిన.” అనుకుంట సంచి మూతి మడిచి, పిడిని లోపటికి తోసిండు. ఆ పూట ఆ అరుగు మీద చెప్పిన అబద్ధాలల్ల అదే అన్నిటికంటే చిన్నది.

యాదలక్ష్మి చెయ్యి అందిచ్చింది. పెద్దమ్మ లేచింది. గోడ పట్టుకొని, పాదం పూర్తిగ ఆనిచ్చి, కుంటకుంటనే నాలుగడుగులు ఏసింది లోపటికి. నిలబెట్టి కట్టినందుకు నడక మాత్రం సక్కగనే వచ్చింది, అది ఒప్పుకోవాలె. కోడలు దుప్పటి తీసింది. పడుగు మీద ఎలుగు పడి ఎరుపంత ఒక్కసారి లేచింది. పెద్దమ్మ మగ్గానికి దండం పెట్టుకొని, గుంట ఒడ్డు మీద కూసోని, ముందు ఎడమ కాలు దించింది, తర్వాత రెండు చేతులతోని పట్టి కుడికాలు దించింది.

చిన్నాయన, నేను గడపల నిలబడ్డం. గులాబ్‌బీ అరుగు మీదనే ఉన్నది, తలకాయ లోపటికి తిప్పలే. రాట్నం చక్రం పట్టుకొని ఊకనే కూసున్నది.

పెద్దమ్మ తొక్కింది. చెక్క కదలలే. మడమ ఆనింది గని పాదం వంగలే. ఆమె పండ్ల నడుమ పెదిమ పట్టింది. ఆగింది. మల్ల తొక్కింది. ఈసారి సగం దిగి ఆగింది, పడుగు పోగులు ఇంతంత కదిలి మల్ల కలిసినయ్. యాదలక్ష్మి ముంగటికి రాబోతే ఒద్దని తలకాయ ఊపింది. చెమట చెంప మీది నుంచి గదువ దాక కారింది. మూడోసారి ఒళ్ళంత ముంగటికి ఒంచి, పాదం మీద పాణమంత పెట్టి తొక్కింది. కిందికి దిగింది. పూర్తిగ దిగింది. పై పోగులు పైకి, కింది పోగులు కిందికి, పడుగు నోరు తెరిచింది.

నాడె ఆ కొస నుంచి ఈ కొసకు ఉరికింది.

ఎడమ కాలు. మల్ల కుడికాలు. జర ఆలిశం, జర ఒంకర, గని ఆగలే. టక్కు, టక్కు అని నెల దినాల సంది ఆ ఇంట్ల లేని సప్పుడు ఇల్లంత తిరిగి బజార్లకు ఎల్లింది. ఎదురింటోళ్ళు తలుపు తీసి చూసిండ్రు. ఐలేశం చిన్నాయన సంచి దులిపి భుజాన ఏసుకొని, “సావుకారుకు నేను చెప్త తీయ్,” అనుకుంట మెట్లు దిగిండు. చాయ్ సగం తాగి మరిచిపోయిండు. గులాబ్‌బీ ఇప్పుడు తలకాయ తిప్పి లోపటికి చూసింది. చూసి, కండ్లు కొంగుతోని తుడుసుకున్నది, నూలు దుమ్ము పడ్డదేమో అన్నట్టు.

అంతట్లనే లోపటి నుంచి మాట వచ్చింది, మగ్గం సప్పుడును మించి, పాత గొంతు పాత గొంతే:

“కండె అయిపోతాంది ఈడ. పొద్దటి సంది అరుగు మీద ముచ్చట్లు పెట్టుకొని కూసున్నరు, ఒక్కలకన్న పని ఉన్నదా మీకు?”